రెండు జీబీల చేట

శ్రోతలకు నమస్కారం.

కావలిలో చదువుకుంటున్న మా మేనకోడలి దగ్గర ఒక ల్యాప్‌టాప్ ఉంది. పదేళ్లు దాటిన ఆ యంత్రంలో ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపూ సరుకు పెట్టుకునే మెమరీ, 2 జీబీలు మాత్రమే. మొన్న వేసవిలో ఆ అమ్మాయి ఫోన్ చేసి, “మామయ్యా, దీని స్విచ్ వేసి, పొయ్యి మీద పాలు పెట్టి, టీ కాచుకుని తాగి వచ్చినా ఇది ఇంకా తిరుగుతూనే ఉంటోంది” అని మొరపెట్టుకుంది. అప్పటికే ఒక దుకాణంవారు దానిని చూసి, ఇక పనికిరాదు, కొత్తది కొనుక్కోమని చెప్పి పంపించారట. నేను ఒంగోలు నుండి కావలి వెళ్లి, వాచీ చేతిలో పెట్టుకుని చూశాను. 6 నిమిషాల 40 సెకన్లు పట్టింది. ఏ ప్రోగ్రామూ తెరవకముందే మెమరీ 80 శాతానికి పైగా నిండిపోయి ఉంది. హార్డ్‌డిస్కు దీపం ఆగకుండా మినుకుమంటోంది, చెవి ఆనిస్తే లోపల కరకరమనే చప్పుడు వినిపిస్తోంది.

ఆ చప్పుడులోనే రోగం ఉంది. గాదె నిండా ధాన్యం ఉన్నా, మనం చెరిగేది చేటలో పట్టినంతే కదా. హార్డ్‌డిస్కు గాదె, ర్యామ్ చేట. చేటలో చోటు చాలకపోతే కంప్యూటరు కొన్ని గింజలను తిరిగి గాదెలో పోసి, కావలసినవి తెచ్చుకుని, మళ్లీ పోసినవాటి కోసం గాదె దగ్గరకు వెళుతుంది. ఈ రాకపోకలను స్వాపింగ్ అంటారు. పాత తిరుగుడు డిస్కులో ఒక్క చోటు వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది, ర్యామ్‌లో అదే పని దానికి లక్ష రెట్లు తక్కువ కాలంలో ముగుస్తుంది. మరోలా చెప్పాలంటే, చేట మూరెడు దూరంలో ఉందనుకుంటే, గాదె కావలి నుండి నెల్లూరంత దూరంలో ఉంటుంది. గుప్పెడు గింజల కోసం నెల్లూరు వెళ్లి రావలసిన మనిషికి రోజంతా నడకే సరిపోతుంది గాని చెరగడం ఎప్పటికీ జరగదు.

కాబట్టి యంత్రం ముసలిదైపోయిందని అనడం కన్నా, చేటకు మించిన ధాన్యం పోశామనడమే న్యాయమని నా అభిప్రాయం. విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 పెట్టుకుందామంటే కనీసం 4 జీబీల మెమరీ, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. ఈ ల్యాప్‌టాప్‌కు ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది, విండోస్ బదులు కంప్యూటరును నడిపే లైనక్స్.

లైనక్స్‌కు చిన్న చేటతో పాత చుట్టరికం ఉంది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దానిని మొదలుపెట్టినప్పుడు అతని కంప్యూటరులో ఉన్నది 4 ఎంబీల మెమరీ. జీబీలు కాదు, ఎంబీలు, అంటే జీబీలో సుమారు వెయ్యో వంతు. జర్మనీలో ఉన్న ఒకతనికి అదీ లేదు, అతనివి 2 ఎంబీలే. కంపైలరు, అంటే రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే సాధనం, ఆ మెమరీలో పట్టడం లేదని అతను చెప్పగా, టోర్వాల్డ్స్ ఆ క్రిస్మస్ సెలవులలో కూర్చుని, పట్టని సరుకును డిస్కులోకి పంపి తిరిగి తెచ్చుకునే ఏర్పాటు రాశాడు. మా మేనకోడలి యంత్రంలో కరకరలాడుతున్నది అటువంటి ఏర్పాటే. పేదవాడి కోసం పుట్టిన ఉపాయం, మితిమీరితే యంత్రాన్ని చతికిలబడేస్తుందన్నమాట.

మేము లుబుంటు అనే తేలిక రకం లైనక్స్‌ను ఎంచుకున్నాము. దానిని ఉచితంగా దింపుకోవచ్చు. 8 జీబీల పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి, మొదటిసారి నేనే తప్పు చేశాను. దింపుకున్న ఫైలును పాట కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. అలా చేస్తే కంప్యూటరు దానిని గుర్తించదు. రూఫస్ వంటి ప్రోగ్రాముతో ఆ ఫైలును పెన్‌డ్రైవ్ మీద ప్రత్యేకంగా రాయవలసి ఉంటుంది. రెండవసారి అలాగే రాసి, స్విచ్ వేస్తూనే ఎఫ్12 మీట నొక్కి, పెన్‌డ్రైవ్ నుండి మొదలు కమ్మని చెప్పాము. తెర తెరుచుకుంది. మెమరీలో దాదాపు 500 ఎంబీలు మాత్రమే నిండి, మిగిలినదంతా ఖాళీగా కనిపించింది. “మామయ్యా, కరకరమనడం లేదు” అని ఆ అమ్మాయి యంత్రానికి చెవి ఆనించింది.

ఇక్కడితో కథ సుఖాంతమని చెబితే అది అబద్ధం అవుతుంది. వైఫై పని చేయలేదు. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ తెచ్చుకుని, వైఫైకి కావలసిన డ్రైవరును, అంటే ఆ పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామును, దింపవలసి వచ్చింది. తెలుగు మాత్రం చక్కగా కనిపించింది. కీబోర్డు అమరికలలో తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక పద్ధతిలో టైపు చేయడానికి వీలైంది. ఆ ఉత్సాహంలో మా మేనకోడలు బ్రౌజరులో ఏడెనిమిది ట్యాబులు తెరిచేసరికి యంత్రం మళ్లీ మొరాయించింది. వ్యవస్థ తేలికైనంత మాత్రాన బ్రౌజరు తేలిక కాదు. ఒక్కొక్క ట్యాబూ తన వంతు గింజలను తానే పోసుకుంటుంది. ఇప్పుడు మూడు ట్యాబులకు మించనివ్వడం లేదు. అదీగాక జెడ్‌ర్యామ్ అనే ఏర్పాటు ఒకటి ఉంది. అది చేటలో పట్టని గింజలను గాదెకు మోయకుండా, చిన్న మూటలుగా బిగించి చేట అంచునే పెట్టుకుంటుంది. మన జేబుల్లోని చాలా ఫోన్లు చేసేది ఈ పనే. 2 జీబీలవారు దీనిని తప్పక పెట్టించుకోవలసిందని నా సలహా.

అయితే డీటీపీ దుకాణం, అంటే కంప్యూటరులో అచ్చుకు పేజీలు కూర్చే దుకాణం, నడుపుకునేవారు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద శుభలేఖలు చేసేవారు ఈ మార్పు జోలికి తొందరపడి పోవద్దు. ఆ ప్రోగ్రాములు విండోస్ కోసం తయారైనవి, లైనక్స్‌లో నేరుగా నడవవు.

సమయం దగ్గర పడుతోంది కనుక ఒక్క మాట గట్టిగా చెబుతాను. పెన్‌డ్రైవ్ నుండి నడుస్తున్నంతవరకు మీ పాత విండోస్‌కు, మీ ఫైళ్లకు ఏమీ కాదు. పెన్‌డ్రైవ్ తీసి, మళ్లీ స్విచ్ వేస్తే పాతదే వస్తుంది. కాబట్టి ముందు వారం రోజులు పెన్‌డ్రైవ్ నుండే నడిపి చూడండి. వైఫై పలుకుతోందా, ప్రింటరు పలుకుతోందా, శబ్దం వస్తోందా, తెలుగు టైపు అవుతోందా చూసుకోండి. పెన్‌డ్రైవ్ నుండి కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, అందులో దాచుకున్న పని ఆపేయగానే పోతుంది, అయినా చూడండి. తెర మీద ఇన్‌స్టాల్ అనే బొమ్మ ఎంత ఊరించినా వారం దాకా నొక్కవద్దు. డిస్కు మొత్తం దానికే ఇచ్చేస్తే అందులోని పాత సరుకంతా తుడిచిపెట్టుకుపోతుంది.

మా మేనకోడలు సరిగ్గా వారం ఆగింది. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, “మామయ్యా, ప్రింటరు కూడా పలికింది, ఇన్‌స్టాల్ నొక్కేస్తున్నాను” అంది. “అమ్మమ్మా తాతయ్యల షష్టిపూర్తి ఫోటోలు అందులోనే ఉన్నాయి కదమ్మా, వేరే చోటికి తీసి పెట్టావా?” అని అడిగాను. అవతలి నుండి కాసేపు మాట లేదు. తరువాత, “సాయంత్రం నొక్కుతాలే మామయ్యా” అంది.

నమస్కారం.