ఎదురెదురుగా ఇద్దరు బోధిసత్వులు: సియోల్, టోక్యో ప్రదర్శనపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు మాట్లాడుకునేది 2016లో సియోల్‌లో, టోక్యోలో జరిగిన ఒక ప్రదర్శన గురించి. అందులో పెట్టినవి రెండంటే రెండే విగ్రహాలు. చరిత్ర చెప్పే మేడమ్, శిల్పి గారు మనతో ఉన్నారు. మేడమ్, రెండు విగ్రహాలకే అంత హడావిడి ఎందుకు?

చరిత్ర అధ్యాపకురాలు: రెండిటిదీ ఒకే భంగిమ అండీ. కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకుని, కుడిచేతి వేళ్లు చెంప దగ్గర పెట్టుకుని ఆలోచిస్తున్న బోధిసత్వుడు. గాంధార శిల్పంలో కనిపించే ఈ తీరు చైనా మీదుగా కొరియాకు, అక్కడి నుంచి జపాన్‌కు చేరింది. కొరియా విగ్రహం 6వ శతాబ్దపు కంచు, పైన బంగారు పూత. అప్పటి లెక్కలో వాళ్ల 78వ నంబరు జాతీయ సంపద. జపాన్‌ది 7వ శతాబ్దపు చెక్క విగ్రహం. నారా ప్రాంతంలో చూగూజి అనే భిక్షుణుల ఆలయంలో మూలవిరాట్టు.

వ్యాఖ్యాత: మూలవిరాట్టునే పంపించారా!

చరిత్ర అధ్యాపకురాలు: అవును, దేశం దాటడం అదే మొదటిసారి. 1965లో రెండు దేశాల దౌత్య సంబంధాలు మొదలయ్యాయి కదా, దానికి 50 ఏళ్లు నిండిన సందర్భంలో అనుకున్న ప్రదర్శన. మే 24 నుంచి సియోల్‌లో, జూన్ 21 నుంచి టోక్యోలో. ఒక్కోచోట మూడు వారాలే.

శిల్పి: తేదీలు సరే, పని సంగతి కూడా చెప్పుకోవాలి. కంచుది మైనపు పోత, అంటే మైనపు నమూనా కరిగించి ఆ ఖాళీలో లోహం పోయడం. లోపల బోలు, గోడ పలచన. ఎక్కడో ఒకచోట లోహం సరిగ్గా పారకపోతే మొత్తం పోయినట్టే. చూగూజి శిల్పి దారి వేరు. కర్పూరం చెట్టు చెక్క ముక్కలు తెచ్చి అతికాడు. ఒకప్పుడు రంగులుండేవి. ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతుంది, చూస్తే లోహమనే అనుకుంటాం. పీఠంతో కలిపితే ఇది కంచుదానికి రెట్టింపు ఎత్తు. అయినా ఆ పెదవుల దగ్గర నవ్వు చూడండి, ఒకే ఇంటి పోలిక!

వ్యాఖ్యాత: అంటే జపాన్ వాళ్లు కొరియా నుంచి నేర్చుకున్నారనేనా?

శిల్పి: నేర్చుకున్నారు. కానీ నకలు కొట్టలేదు. కంచులో చేసినట్టు చెక్కలో చేస్తే కుదరదు సార్.

వ్యాఖ్యాత: నాకో అనుమానం. యుద్ధకాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన కొరియా మహిళల విషయంలో 2015 డిసెంబరులో ఒప్పందం జరిగింది. కొరియాలో దానిపై పెద్ద గొడవ. ఐదు నెలలకే ఈ ప్రదర్శన. ఇదంతా ప్రభుత్వాల షో కాదా?

చరిత్ర అధ్యాపకురాలు: ప్రభుత్వాలకు ఫొటోలు కావాలి, నిజమే. ఈ విగ్రహాల వల్ల ఆ గాయం మానిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ ఇంకో సంగతి చూడండి. 2012లో జపాన్‌లోని సుషిమా దీవిలో ఉన్న కన్నోంజి ఆలయం నుంచి ఒక విగ్రహాన్ని కొరియా దొంగలు ఎత్తుకెళ్లారు. దొంగలు దొరికారు, విగ్రహమూ దొరికింది. అప్పుడు కొరియాలోని పుసొక్సా ఆలయం, ‘ఇది అసలు మాదే, ఎప్పుడో సముద్రపు దొంగలు దోచుకెళ్లారు’ అని కోర్టుకెక్కింది. కొరియాకు ఏదైనా పంపితే తిరిగొస్తుందా అని జపాన్‌లో మిగతావాళ్లకు టెన్షన్. ఆ కేసు తేలకముందే చూగూజి తన దేవుణ్ణి సియోల్ పంపింది. నాకు అదే పెద్ద విషయం.

వ్యాఖ్యాత: ఆ కేసు ఏమైంది?

చరిత్ర అధ్యాపకురాలు: 2017లో కింది కోర్టు పుసొక్సాకే ఇమ్మంది. 2023లో కొరియా సుప్రీంకోర్టు యాజమాన్యం కన్నోంజిదేనని చెప్పింది. పుసొక్సాలో కొన్నాళ్లు పూజలు జరిగాక, 2025 మేలో విగ్రహం సుషిమా చేరింది.

శిల్పి: పూజ చేసి పంపారు చూశారా! నాకు అది నచ్చింది.

చరిత్ర అధ్యాపకురాలు: దోచుకెళ్లారన్న బాధ వాళ్లకు అలాగే ఉంది మాస్టారూ. పూజతో అది తీరిపోలేదు.

శిల్పి: తీరలేదు, ఒప్పుకుంటాను.

వ్యాఖ్యాత: ఇప్పుడు చూడాలంటే?

చరిత్ర అధ్యాపకురాలు: విడివిడిగానే. సియోల్ మ్యూజియంలో 2021లో ప్రత్యేకంగా ఒక గది తెరిచి, ఇదే భంగిమలో ఉన్న 83వ నంబరు విగ్రహంతో కలిపి ఈ 78వ నంబరు కంచు విగ్రహాన్ని పెట్టారు. చూగూజి నారా ప్రాంతంలోనే హోర్యూజి అనే ఆలయం పక్కన ఉంది.

శిల్పి: నన్నడిగితే ముందు నారా వెళ్లండి. కంచు దగ్గర నేర్చుకున్నది చెక్కలోకి ఎలా వచ్చిందో అక్కడ తెలుస్తుంది.

చరిత్ర అధ్యాపకురాలు: ముందు కంచుది చూడకపోతే నేర్చుకున్నదేమిటో ఎలా తెలుస్తుంది? నేనైతే సియోల్ నుంచే మొదలుపెట్టమంటాను.