మీటరు దారం మీద మన స్వాతంత్ర్య పోరాటం

నమస్తే అండి. మన స్వాతంత్ర్య సమరయోధుల గురించి పిల్లలకు చెప్పడానికి నేను తరగతిలో వాడే పద్ధతి ఒకటి ఇవాళ చూపిస్తాను. ఒక దారం, బట్టలారేసే క్లిప్పులు, ఆరు కార్డులు. అంతే.

దారం ఇదిగో, పురికొస. ఊలు దారం వద్దండి, సాగుతుంది, కొలత పోతుంది. 120 సెంటీమీటర్లు కత్తిరించి, ఇటు ఒక మేకుకి, అటు ఒక మేకుకి కట్టేయండి. ఈ చివర కొంచెం వదిలి గుర్తు పెట్టాను, చూశారా? అది 1847. అక్కడి నుంచి ఒక సెంటీమీటరు అంటే ఒక ఏడాది. మీటరు దగ్గర 1947. సరిగ్గా వందేళ్లు.

మొదటి గుర్తు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. కోయిలకుంట్లలో ఆయన్ని ఉరి తీసింది ఆ ఏడాదే. 1857 తిరుగుబాటుకి పదేళ్ల ముందు. క్లిప్పు పెట్టేయండి.

ఇక్కడ కాస్త ఆగుదాం. మొదటిసారి నేను తప్పు చేసింది ఇక్కడే. మిగతా కార్డులన్నీ వాళ్లు పుట్టిన ఏడాది దగ్గర పెట్టాను. ప్రకాశం పంతులు గారు 1872, పింగళి వెంకయ్య గారు 1876, అల్లూరి 1897, దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909... ఒక్కోటీ ఒక్కో మూల పడింది. పిల్లలు ఏళ్లు బట్టీ పట్టారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అందుకే పుట్టిన ఏడాది వద్దు. మళ్లీ చెబుతున్నా, పుట్టిన ఏడాది కాదు, ఎదురు నిలబడ్డ ఏడాది.

ఇప్పుడు మార్చి పెడుతున్నా, చూడండి. 74 సెంటీమీటర్ల దగ్గర వెంకయ్య గారు, 1921లో బెజవాడలో గాంధీ గారికి జెండా నమూనా ఇచ్చారు. అదే గుర్తు దగ్గర దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, చీరాల పేరాల ఉద్యమం. 75 అల్లూరి, చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి. 76 దుర్గాబాయి, ఆమె కథ కాసేపట్లో చెబుతా. 81 ప్రకాశం గారు, మద్రాసులో సైమన్ కమిషన్ నిరసన, తుపాకీకి ఎదురుగా గుండె చూపిన రోజు. క్లిప్పు పక్కన క్లిప్పు!

ఇక పిల్లలే అడుగుతారు: "టీచర్, అందరూ ఒక్కచోటే ఎందుకున్నారు?" ఈ ప్రశ్న వచ్చాకే కథ మొదలుపెట్టండి. 1920లో సహాయ నిరాకరణ మొదలైంది. చీరాలలో మునిసిపాలిటీ పెట్టి పన్నులు పెంచితే జనం ఊరే ఖాళీ చేసి, బయట పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. మన్యంలో అడవి చట్టాలు పోడు వ్యవసాయానికి, అంటే అడవి నరికి కాల్చి చేసే సాగుకి, అడ్డుపడ్డాయి. పన్ను, అడవి, పోడు: ఈ మూడు మాటలూ బోర్డు మీద రాయండి.

చిన్న తరగతులకైతే నేను ముందు దుర్గాబాయి కార్డే తీస్తాను. కాకినాడలో ఖాదీ ఎగ్జిబిషన్, గేటు దగ్గర 14 ఏళ్ల వాలంటీరు. టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేసింది! నిర్వాహకులు టికెట్ ఇప్పించాకే లోపలికి పంపింది. "నువ్వైతే ఆపుతావా?" అని అడగండి. తరగతంతా చేతులెత్తుతుంది.

చివరి క్లిప్పు మీటరు దగ్గర, 1947 ఆగస్టు 15. ఆగండి, మిగిలిన దారం కత్తిరించకండి. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది 1948 సెప్టెంబరులో. ఇంకొక్క సెంటీమీటరు జరిగి, ఇదిగో, ఇక్కడ ఇంకో క్లిప్పు.