జాక్ వెనక ఎవరూ ఉండొద్దు

అన్నలూ, తమ్ముళ్లూ! ఇవాళ హెల్మెట్‌తో మొదలుపెట్టను. హెల్మెట్ల భారత ప్రమాణం ఐ.ఎస్. 2925 గుర్తున్నవే తెప్పించాం, అందరి నెత్తినా ఉన్నాయి. ఆ చివరన ఒక తమ్ముడు మాత్రం దాన్ని బోర్లించి పైన కూర్చున్నాడు. పెట్టుకో నాయనా!

రేపు గర్డర్‌కు, అంటే కాంక్రీటు దూలానికి, జాక్ అనే నూనె ఒత్తిడి యంత్రంతో కేబుల్ లాగుతున్నాం. ఏడు తీగలు పేనిన స్ట్రాండ్, మందం 12.7 మిల్లీమీటర్లు. చూస్తే చిటికెన వేలంత. అలాంటిదాన్ని ఒక్కోదాన్ని 14 టన్నుల దాకా లాగుతాం. 30 మీటర్ల స్ట్రాండ్ అప్పటికి 20 సెంటీమీటర్ల పైనే సాగుతుంది. అంటే ఎక్కుపెట్టిన విల్లే. నేను కాగితం మీద లెక్కేశాను: ఆ ఒక్క స్ట్రాండ్‌లో ఉన్న శక్తి, మనిషి ఎక్కిన బైకు గంటకు 40 కిలోమీటర్ల మీద వచ్చి గుద్దినంత. దాన్ని ఆపే హెల్మెట్ ఏ షాపులోనూ దొరకదు.

చాలా ఏళ్ల కింద ఒక సైటులో నా కళ్లముందే, స్ట్రాండ్‌ను పట్టి ఉంచే వెడ్జ్ జారింది. చప్పుడు విన్నాం గానీ స్ట్రాండ్ రావడం ఎవరికీ కనబడలేదు. చూసేసరికి జాక్ వెనక నిలబెట్టిన చెక్కలో దిగి ఉంది. అంతకు నిమిషం ముందు స్కేలు పెట్టి సాగుడు కొలిచే కుర్రాడు అక్కడే వంగి ఉన్నాడు. అందుకే కొలత పక్కనుంచే తీయాలి, అదీ జాక్ పంపు ఆపాక. పంపు నడిపేవాడూ పక్కనే ఉండాలి. జాక్ వెనక మందపాటి చెక్కలు, వాటికి ఇసుక బస్తాలు. అవతలి చివర కూడా అంతే! అక్కడ జాక్ ఉండదు కాబట్టి నీడ చూసుకుని టిఫిన్ బాక్సులు తెరుస్తారు. నాకు అన్నిటికన్నా భయం అదే. రేపు ఆ చివర తాడు కట్టి ఒకరిని కాపలా పెడుతున్నాం. తుప్పు పట్టిన వెడ్జ్, మట్టి అంటిన వెడ్జ్ కనబడితే నాకు ఇచ్చేయండి, ఎవరూ ఏమీ అనరు.

ఇక ఒంటి మీద వేసుకునేవి. స్ట్రాండ్ మోసేటప్పుడు తోలు గ్లౌజులు, కోసిన కొసలు ముల్లులా దిగుతాయి. గ్రైండర్ పట్టేవాడికి కళ్లద్దాలతోపాటు ముఖానికి షీల్డు. గ్రౌటింగ్‌లో, అంటే కేబుల్ గొట్టంలోకి సిమెంటు పాలు ఎక్కించేటప్పుడు, పైపు ఊడితే ఆ పాలు కళ్లలో పడి కాలుస్తాయి, కాబట్టి గాగుల్స్ తప్పదు, పక్కనే మంచినీళ్ల డబ్బా ఉండాలి. స్ట్రాండ్ కాయిల్‌ను ఇనుప బోనులో పెట్టకుండా దానికి కట్టిన పట్టీలు కోయొద్దు, స్ట్రాండ్ పామల్లే లేస్తుంది.

ఇంకొకటి. పంపు గొట్టం కారుతుంటే వేలు పెట్టి చూడొద్దు. ఆ ఒత్తిడికి నూనె గ్లౌజును, చర్మాన్ని దాటి లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంతే కనబడుతుంది, నొప్పి కూడా వెంటనే తెలియకపోవచ్చు. అయినా సరే, నాకు చెప్పి నేరుగా ఆసుపత్రికే. పసుపు అద్దుకుని కూర్చుంటే చెయ్యి పోతుంది.

ఏవీ మీరు కొనక్కర్లేదు, కూలీలో కోతా ఉండదు. చిరిగిన గ్లౌజులున్న వాళ్లు ఇటు రండి, మార్చి ఇస్తాను.