అక్షింతలు, శఠగోపం, ముడుపులు: రోజూ మన నోట్లో నలిగే గుడి మాటలు

అందరికీ నమస్కారమండీ. టాపిక్ చూసి కొంతమంది ఇదేదో ప్రవచనం అనుకుని వచ్చినట్టున్నారు, ముందు వరసలో ఇద్దరు ముగ్గురు అమ్మలు చేతులు జోడించుకుని మరీ కూర్చున్నారు, క్షమించాలి, ఇవాళ దేవుడి గురించి కాదు, దేవుడి దగ్గర వాడే మాటల్ని మనం ఇంట్లో, ఆఫీసులో, పేపర్లో ఎలా వాడేస్తున్నామో దాని గురించి. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ మాటలు ఊరికే ఎకసెక్కానికి పుట్టినవి కావు, పూజలో ఎవరు పెడతారు, ఎవరు పుచ్చుకుంటారు, ఎవరి తల వంగుతుంది, ఆ లెక్కంతా మాటతోపాటే బజార్లోకి వచ్చేసింది.

అక్షింతలనే తీసుకోండి. అక్షతలంటే విరగని బియ్యం, నూకలు పనికిరావు, పసుపు, కాస్త నెయ్యి రాసి పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ నెత్తిన వేస్తారు. పేపర్లో ఏముంటుంది, "అధికారులకు హైకోర్టు అక్షింతలు" అని ఉంటుంది. మరి గుమాస్తా కలెక్టరుగారికి అక్షింతలు వేశాడని ఎప్పుడైనా చదివారా? చదవరు. గుమాస్తా కోప్పడితే ఎదురు తిరిగాడంటాం, నోరు పారేసుకున్నాడంటాం, అక్షింతలు మాత్రం పైనుంచి కిందికే పడాలి. ఇంట్లో కూడా అంతే, కోడలు అత్తగారికి అక్షింతలు వేసిందంటే వినేవాళ్ళకి నవ్వొస్తుంది, ఆ నవ్వు ఎందుకొస్తుందంటే ఎవరు ఎవరికి వెయ్యాలో మనకి ఒంట్లోనే ఉంది కాబట్టి.

శఠగోపం ఇంకా బావుంటుంది. వైష్ణవాలయాల్లో చిన్న కిరీటంలా ఉంటుంది, పైన స్వామి పాదాలుంటాయి, వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకి శఠగోపుడని పేరు, ఆయన పేరే దీనికీ వచ్చింది. అది నెత్తిన పెడితే స్వామి పాదాలు నెత్తిన పెట్టుకున్నట్టే. అంత గొప్ప వస్తువు మోసానికి పేరెలా అయిందీ అంటే, శఠం అంటేనే కపటం కదా అందుకని కొందరంటారు, అదీ కావచ్చు, నాకైతే ఇంకోటి తోస్తుంది. అక్కడ తల వంచేది మనమే. బస్సులో జేబు కొట్టేసినవాడు మనకి శఠగోపం పెట్టాడని అనం, ఆ దొంగ మనకి తెలీనే తెలీదు. అదే చీటీలవాడైతే వాడి దగ్గరికి మనమే వెళ్ళి, నమ్మి, నెలనెలా కట్టి, రసీదు కూడా అడక్కుండా తల వంచుతాం చూశారా, అప్పుడు పెడతాడు. పంగనామాలు కూడా ఈ బాపతే. నామం ఉండేది నుదుటి మీద, ఊరందరికీ కనబడుతుంది, పెట్టించుకున్నవాడికే కనబడదు. ఇక కొండెక్కేటప్పుడు ఆయాసం తీర్చే గోవింద నామం పోయిన డబ్బు దగ్గర ఎందుకు గుర్తొస్తుందో మీకే తెలుసు.

స్వాహా దగ్గర మాత్రం మాట పూర్తిగా తలకిందులైంది. హోమంలో నెయ్యి వేస్తూ "అగ్నయే స్వాహా" అన్నాక ఇంకో ముక్క ఉంటుంది, "ఇదం న మమ" అని, అంటే ఇది నాది కాదు అని. ఇచ్చేవాడు అనే మాటలవి. మనం రెండో ముక్క వదిలేసి మొదటిది పట్టుకున్నాం, సొసైటీ డబ్బులు స్వాహా, రోడ్డు కాంట్రాక్టులో కోట్లు స్వాహా. వాడూ ఇది నాది కాదని తెలిసే నోట్లో వేసుకుంటాడు లెండి.

ముడుపు సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. పిల్లాడికి జొరం తగ్గితే కొండకొస్తానని మొక్కుకుని, పసుపు గుడ్డలో డబ్బులు మూటకట్టి దేవుడి పటం దగ్గర పెడతాం, అది ముడుపు. ఇప్పుడు ముడుపులు అని బహువచనంలో అంటే చాలు, అది కేసు. టెండర్లు, ముడుపులు, అరెస్టులు, ఇవే హెడ్డింగులు. రెండిట్లోనూ పని అవ్వాలనే ఇస్తాం, కాదనను, కానీ వడ్డీకాసులవాడు పనయ్యాకే పుచ్చుకుంటాడు, అప్పటిదాకా మూట మనింట్లోనే ఉంటుంది, ఆఫీసులో కూర్చున్నాయన మాత్రం అడ్వాన్సు లేందే ఫైలు ముట్టుకోడు. పీర్ల పండగ చూసినవాళ్ళు ఇదే సంగతి ఇంకోలా చెప్పారు, ఊదు వెయ్యందే పీరు లేవదని. ఊదు పొగ ఎంత పట్టాలో లోపలున్నాయన ఇష్టం.

తీర్థం పుచ్చుకోవడం అంటే ఈ తరం పిల్లలకి రెండే అర్థాలు తెలుసేమో అని నా అనుమానం, ఒకటి ఎలక్షన్లప్పుడు పార్టీ మారడం, రెండోది నేను ఈ వేదిక మీద చెప్పను.

అన్నీ పద్ధతిగానే దిగాయనీ అనుకోకండి. కొన్నిటికి సగమే దిగింది, అవి నాకు మరీ ఇష్టం. ఉద్వాసన ఉందా, పేపర్లో "మంత్రికి ఉద్వాసన" అంటే ఉద్యోగం ఊడిందని. కానీ పూజలో ఉద్వాసన చెప్పేటప్పుడు విగ్రహాన్ని కాస్త కదిపి "పునరాగమనాయ చ" అంటారు, మళ్ళీ రావాలని కోరుకుంటూ సాగనంపడం అది, గెంటెయ్యడం కాదు. తీరా చూస్తే మన రాజకీయాల్లో ఉద్వాసన అయినాయన మూడేళ్ళకి ఇంకో శాఖతో మళ్ళీ వచ్చేస్తుంటాడు, మంత్రం ఊరికే పోదు మరి! తిలోదకాలూ అంతే. నువ్వులూ నీళ్ళూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి వదిలేది పోయినవాళ్ళని మర్చిపోడానికి కాదు, అమావాస్య అమావాస్యకీ తలుచుకుని వదులుతారు. "హామీలకు తిలోదకాలు" అని రాసే విలేఖరికి ఆ సగం తెలీదు, నెలకోసారి అయినా తలుచుకుంటే ఇంకేం కావాలి.

టైమైపోతోందని అక్కణ్ణుంచి చెయ్యి ఊపుతున్నారు, ఇంకొక్క మాట. ప్రయాణం గుడి నుంచి బజారుకే కాదు, అటు నుంచి కూడా ఉంది. కొలువు అసలు రాజులది. ఆ మర్యాదే దేవుడికీ వచ్చింది, తిరుమలలో పొద్దున స్వామికి పూలదండలు వేసే తోమాలసేవ అయ్యాక కొలువు జరుగుతుంది, స్వామిని కూర్చోబెట్టి ఆనాటి పంచాంగం చదివి, నిన్నటి హుండీ ఆదాయం ఎంతో లెక్క అప్పజెప్తారు, అచ్చం దర్బారే. అక్కణ్ణుంచి మళ్ళీ మన దగ్గరికి సర్కారు కొలువై వచ్చింది, నోటిఫికేషన్ పడితే "కొలువుల జాతర" అంటారు పేపరువాళ్ళు, పక్కన జాతర కూడా తగిలించి. జాతర అన్నాక జనం వేలల్లో ఉంటారు, గర్భగుడిలోకి వెళ్ళేది మాత్రం పదిమందే, ఆ లెక్క కూడా సరిగ్గా సరిపోయింది.