కోల్‌కతాలో ఒక్క రోజు: హుగ్లీని మూడు దారుల్లో దాటిన యాత్రపై నా రివ్యూ

నమస్కారం. కోల్‌కతాకు ఒక్క రోజు కేటాయిస్తే సరిపోతుందా అని ఆలోచిస్తున్నవారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. నగరమంతా చూడడానికి ఆ సమయం చాలదు. అయితే హుగ్లీ నదిని వంతెన మీదుగా ఒకసారి, నేల కిందుగా ఒకసారి, నీటి మీద ఒకసారి దాటుతూ మధ్యలో రెండు మూడు చోట్ల ఆగడానికి మాత్రం చక్కగా సరిపోతుంది. నేను అలాగే తిరిగాను.

తెల్లవారుజామున హౌరా స్టేషన్‌లో దిగి, సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి, నేరుగా హౌరా వంతెన మీదికి నడిచాను. 1943లో తెరిచిన ఈ వంతెనకు నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు; సుమారు 457 మీటర్ల దూరంలో ఉన్న రెండు ఉక్కు గోపురాలే భారమంతా మోస్తాయి. దాదాపు 26,500 టన్నుల ఉక్కును నట్లు, బోల్టులు లేకుండా రివెట్లతోనే బిగించారు. 1965లో దీనికి రవీంద్ర సేతు అని పేరు పెట్టినా, అందరి నోటా ఇది హౌరా బ్రిడ్జిగానే ఉంది. రెయిలింగ్ మీద చెయ్యి ఆనించి నిలబడితే, బరువైన బస్సు వెళ్లిన ప్రతిసారీ ఒక సన్నని వణుకు అరచేతికి తెలుస్తుంది. తలమీద గంపలతో వేగంగా వచ్చే కూలీలకు మాత్రం దారి వదలండి. ఫొటో కోసం అడ్డంగా నిలబడితే చీవాట్లు తప్పవు, నాకూ తప్పలేదు.

వంతెన దిగగానే మల్లిక్ ఘాట్ పూల బజారు వస్తుంది. నారింజ, పసుపు రంగుల బంతిపూల దండలను మోకుల్లా చుట్టలు చుట్టి గుట్టలుగా పోశారు. ఒక పెద్దాయన ఆ చుట్టలను రెండు భుజాల మీదా వేసుకొని నడుస్తుంటే, ముఖం తప్ప మనిషి కనిపించలేదు. నలిగిన రేకులతో నేలంతా చిత్తడిగా ఉంటుంది కనుక జారని చెప్పులు వేసుకోండి. ఈ రోజంతటిలో నేను పూర్తి మార్కులు వేసేది ఈ గంటన్నరకే.

తిరిగి హౌరాకు వచ్చి, నేలకు 30 మీటర్లకు పైగా లోతున ఉన్న మెట్రో స్టేషన్‌లో ఎస్ప్లనేడ్ వైపు రైలెక్కాను. 2024 మార్చిలో మొదలైన ఈ మార్గంలో నది కిందనున్న సొరంగం సుమారు 520 మీటర్లు. రైలు దాన్ని 45 సెకన్లలో దాటేస్తుంది. అక్కడ నీలి దీపాలు తప్ప చూడడానికి ఏమీ లేదు. నేను ఫోన్ తీసేలోపే నది అయిపోయింది.

అక్కడి నుంచి 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియం దగ్గరే. అందరూ ఈజిప్టు మమ్మీ గదిలో తోసుకుంటుంటే, మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ బౌద్ధ స్తూపపు రాతి ప్రాకారం ఉన్న గది దాదాపు ఖాళీగా ఉంది. మీరు ముందు ఇక్కడికే రండి. క్రీస్తుపూర్వపు ఆ శిల్పాల్లో ఒక గుండ్రని ఫలకం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. బుద్ధుడి కోసం జేతవనమనే తోటను కొనడానికి అనాథపిండికుడనే వర్తకుడు నేలంతా నాణేలు పరిపించిన కథ అది: కాడి విప్పిన ఎడ్లు పక్కన ఉన్నాయి, బండి నుంచి నాణేలు దించుతున్నారు, ఇద్దరు కూర్చొని వాటిని ఒక్కొక్కటిగా నేల మీద పేరుస్తున్నారు. కింద ప్రాచీనమైన బ్రాహ్మీ లిపిలో ఆ విషయమే రాసి ఉంది. భూమి ధరల గురించి మనం పడే బాధ కొత్తది కాదన్నమాట! ఒక హెచ్చరిక: సోమవారం మ్యూజియానికి సెలవు. గతంలో ఆ సంగతి చూసుకోకుండా వచ్చి, మూసిన గేటును చూసి వెనుదిరిగినవాణ్ణి నేను.

ఆ తర్వాత చూసిన విక్టోరియా మెమోరియల్, 1921లో ప్రారంభమైన, రాజస్థాన్‌లోని మక్రానా పాలరాతితో కట్టిన కట్టడం. ఒక్క రోజే ఉన్నవారికి తోటలో అరగంట చాలని నా అభిప్రాయం. అక్కడి నుంచి బయలుదేరేటప్పుడు ఒక పసుపు టాక్సీ డ్రైవరు మీటరు వేయనని ఖరాకండిగా చెప్పాడు. బేరమాడి ఎక్కవలసి వచ్చింది.

సాయంత్రం ప్రిన్సెప్ ఘాట్‌లో ఆగాను. పొడవైన స్తంభాల ఆ మంటపం, పొద్దున నేను చూసిన బ్రాహ్మీ లిపిని 1837 నాటికి చదవగలిగిన ఆంగ్ల పండితుడు జేమ్స్ ప్రిన్సెప్ స్మారకం. మ్యూజియం చూశాక వస్తేనే ఈ చోటుకు అర్థం ఉంటుంది. లేకపోతే ఇది ఫొటోలకు పనికివచ్చే మరో తెల్లని కట్టడం మాత్రమే.

చివరగా బాబూఘాట్‌లో హౌరా లాంచీ ఎక్కాను. ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లేవారితో అది కిటకిటలాడుతోంది. పర్యాటకుణ్ణి నేనొక్కణ్ణే అనిపించింది. కుడివైపు కమ్మీ దగ్గర చోటు దొరికితే వదులుకోకండి, ఎదురుగా వంతెన నెమ్మదిగా పెద్దదవుతూ వస్తుంది. దాని దీపాలు వెలిగేసరికి లాంచీ రేవుకు ఆనింది, కుర్రాడొకడు తాడు విసిరాడు, ముడి పడకముందే సగం మంది దూకి స్టేషన్ వైపు పరుగు తీశారు.