థీసిస్ రాయడానికి ముందు ఒక్క పేజీ నియమావళి

(హైదరాబాద్‌లోని స్టూడియోలో జరిగిన చర్చ పాఠం. పాల్గొన్నవారు: తెలుగు పరిశోధనలకు గైడ్‌గా ఉన్న ఆచార్యురాలు, అకడమిక్ పుస్తకాల కాపీ ఎడిటర్, డీటీపీ నిపుణుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. తెలుగులో పరిశోధన చేసేవాళ్ల దగ్గర విషయం ఉంటుంది, మెటీరియల్ ఉంటుంది. తీరా సమర్పించే సమయానికి మాత్రం ఫార్మాటింగ్ దగ్గర చిక్కుకుపోతారు. మేడమ్, ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆచార్యురాలు: మొదటి అధ్యాయం మొదటి వాక్యం కన్నా ముందే. ఒక ఏ4 కాగితం మీద నిర్ణయాలు రాసుకోవాలి. 'వ్రాత' అనాలా 'రాత' అనాలా, 'పుట'నా 'పేజీ'నా, ఏ సంఖ్యలు అంకెల్లో, ఏవి అక్షరాల్లో, రచయిత తన గురించి 'నేను' అంటాడా 'ఈ పరిశోధకుడు' అంటాడా. 'వ్రాత' తప్పు కాదు, 'రాత' తప్పు కాదు. ఒకే అధ్యాయంలో రెండూ ఉంటేనే తప్పు. పరిశీలకులు మొదట పట్టుకునేది దాన్నే. అక్కడ ఒకసారి నమ్మకం పోతే మీ గణాంకాలనూ అనుమానంతోనే చదువుతారు.

కాపీ ఎడిటర్: దీనికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని కూడా ఆ కాగితం మీదే రాసుకోవాలి. ఉటంకింపులకు మన నియమం వర్తించదు. మూలంలో 'వ్రాసెను' అని ఉంటే 'వ్రాసెను' అనే ఉండాలి, అరసున్న ఉంటే అరసున్న ఉండాలి. చాలామంది చివర్లో 'వ్రా' అని వెతికి 'రా'గా అన్నీ ఒకేసారి మార్చేస్తారు. దాంతో ఉటంకింపుల్లోనూ అక్షరాలు మారిపోతాయి. మూలంతో పోల్చి చూసేవారికి అది పాఠాన్ని దిద్దినట్టే కనిపిస్తుంది. అందుకే ఉటంకింపులకు వర్డ్‌లో విడిగా ఒక స్టైల్ పెట్టుకోవాలి, మార్పులు ఒక్కొక్కటే చూసి ఒప్పుకోవాలి.

వ్యాఖ్యాత: వాక్యం సంగతి ఏమిటి?

ఆచార్యురాలు: 'బడు' ధాతువు దగ్గరే సగం సమస్య. "ఈ అధ్యయనంలో అరవై మంది మహిళా రైతుల నుండి సమాచారం సేకరించబడినది మరియు విశ్లేషించబడినది." ఎవరు సేకరించారు? ఎలా? "అరవై మంది మహిళా రైతులను ఇళ్ల దగ్గర కలిసి ప్రశ్నావళితో సమాచారం సేకరించి విశ్లేషించాను" అంటే చేసినవారు తెలిశారు, పద్ధతీ తెలిసింది, 'మరియు' కూడా పోయింది. వాక్యంలో మూడు క్రియలకు మించి పడితే విడగొట్టండి.

వ్యాఖ్యాత: సార్, ఫాంట్ల సంగతి చెప్పండి. హైదరాబాద్ డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పాత ఫాంట్లే వాడుతున్నారు కదా.

డీటీపీ నిపుణుడు: వాడుతున్నారు. అను వంటి పాత ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్. పైన తెలుగు బొమ్మ కనిపిస్తుంది, అంతే. ప్రింటు బాగానే వస్తుంది. కానీ థీసిస్ పీడీఎఫ్ శోధగంగలోకి, అంటే దేశంలోని థీసిస్‌లు ఉంచే ఆన్‌లైన్ భాండాగారంలోకి, వెళ్లాక అందులో ఒక్క తెలుగు మాట కూడా వెతికితే దొరకదు. కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. మీ పని అక్కడ ఉండీ లేనట్టే. యూనికోడ్ అంటే ప్రతి లిపిలోని అక్షరాలకూ స్థిరమైన సంఖ్యలిచ్చే ప్రమాణం. అందులో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాలు కేటాయించారు. ఏ యూనికోడ్ ఫాంట్ వాడినా లోపల ఉండే అక్షరం అదే, కాబట్టి రేపు ఫాంట్ మార్చినా పాఠం చెడదు.

కాపీ ఎడిటర్: పాత ఫైలును కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేస్తే సరిపోతుందని అనుకుంటారు.

డీటీపీ నిపుణుడు: సరిపోదు. వట్రుసుడులు, రెండు వత్తులున్న సంయుక్తాక్షరాలు, మధ్యలో వచ్చిన ఇంగ్లిష్ మాటలు, అంకెలు తరచు దెబ్బతింటాయి. కన్వర్ట్ చేశాక 'స్త్రీ', 'రాష్ట్రం', 'దృష్టి', 'వ్యక్తిత్వం' అని నాలుగు మాటలు వెతకండి. ఎక్కడ విరిగిందో వెంటనే తెలుస్తుంది.

ఇంకొకటి, 'హైదరాబాద్‌లో' అని రాసేటప్పుడు పొల్లు తర్వాత ఒక కనిపించని అక్షరం కావాలి, జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది లేకపోతే 'హైదరాబాద్లో' అని ద కింద ల వత్తు పడుతుంది. వర్డ్‌లో 200సీ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అది వస్తుంది. కొన్నిచోట్ల ఉండి కొన్నిచోట్ల లేకపోతే పదసూచికలో ఒకే మాట రెండు మాటలుగా పడుతుంది.

పేజీ కొలతలు ఎక్కువ చెప్పనక్కర్లేదు, మీ విశ్వవిద్యాలయం ఇచ్చినవే పాటించాలి. బైండింగ్ వైపు అంగుళంన్నర వదలడం మామూలు. వరుసల దూరం మాత్రం 'ఎగ్జాక్ట్‌లీ'లో పెట్టకండి, వత్తులు తెగిపోతాయి. 'మల్టిపుల్' 1.5 పెట్టండి. స్టైల్‌లో లాటిన్ ఫాంట్ వేరు, కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫాంట్ వేరు. రెండింటికీ సైజు ఇవ్వాలి, లేకపోతే ఒకటి మారి ఇంకోటి అలాగే ఉండిపోతుంది.

వ్యాఖ్యాత: ఇక ఆధార గ్రంథాల పట్టిక. గొడవలన్నీ అక్కడే అంటారు.

కాపీ ఎడిటర్: అవునండీ, దీనికి కాస్త సమయం ఇవ్వాలి. ఆధారాలు చూపడానికి ఇంగ్లిష్‌లో వాడే ఏపీఏ పద్ధతి ఏడో కూర్పును తెలుగులో యథాతథంగా దింపేస్తారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి పేరు తీసుకోండి. ఇంటిపేరు భద్రిరాజు, తెలుగులో అది ముందే ఉంది. దాన్ని 'కృష్ణమూర్తి, భద్రిరాజు' అని తిప్పితే తెలుగు పాఠకుడు 'భ' దగ్గర వెతుకుతాడు, పేరు 'క' దగ్గర ఉంటుంది. ఇంగ్లిష్ గ్రంథ పట్టికల్లో ఆయన పేరును కృష్ణమూర్తితో మొదలుపెట్టి ఇస్తారు కాబట్టి ఇంగ్లిష్ పట్టికలో అలాగే ఉంచాలి. తెలుగు పట్టిక వేరు, ఇంగ్లిష్ పట్టిక వేరు. తెలుగులో కామా లేకుండా పూర్తి పేరు, అకారాది క్రమం.

ఆచార్యురాలు: ఆధారాల పట్టిక తయారుచేసే జోటెరో సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎలా?

కాపీ ఎడిటర్: పేరు పెట్టేచోట రెండు గళ్లుంటాయి. దాన్ని ఒకే గడిగా మార్చే బటన్ ఉంది. తెలుగు పేరును ఆ ఒక్క గడిలో పూర్తిగా టైపు చేస్తే అది పొడి అక్షరాలుగా కుదించదు, తిప్పదు. పుస్తకం పేరుకు ఇటాలిక్ కూడా వద్దు. తెలుగు ఫాంట్లలో చాలావాటికి అసలైన ఇటాలిక్ రూపమే లేదు, వర్డ్ అక్షరాన్ని పక్కకు వంచి ఊరుకుంటుంది. పుస్తకం పేరు బోల్డ్‌లో, వ్యాసం పేరు ఒంటి కొటేషన్లలో పెడితే చాలు.

ఆచార్యురాలు: తేదీల గురించి నేనొక మాట చెప్పాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు చూసేవాళ్లకు ఫసలీ సంవత్సరాలు, అంటే అప్పటి ప్రభుత్వం వాడిన రెవెన్యూ కేలండర్ సంవత్సరాలు, ఎదురవుతాయి. హైదరాబాద్ ఫసలీ అక్టోబర్ మొదట్లో మొదలవుతుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ మొదటి దాకా. అన్నిటికీ 590 కలిపేస్తే 1948 సెప్టెంబర్ నాటి పోలీసు చర్య కాగితం 1947లో పడుతుంది. డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. మూలంలోని తేదీని ముందు రాసి, మనం లెక్కగట్టింది బ్రాకెట్లో ఇవ్వాలి. లెక్క తప్పినా చదివేవారు సరిచూసుకోగలుగుతారు.

వ్యాఖ్యాత: ప్లేజియరిజం పరీక్ష, అంటే ఇతరుల రాతను ఎత్తిరాశారా అని చూసే పరీక్ష అంటే చాలామందికి భయం.

ఆచార్యురాలు: 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో పోలిక 10 శాతం దాకా ఉంటే చర్య లేదు. 10 దాటి 40 దాకా ఉంటే సవరించి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సరైన ఆధారం చూపిన ఉటంకింపులు, గ్రంథ పట్టిక, విషయసూచిక ఈ లెక్కలోకి రావు. కొటేషన్ గుర్తు మూయడం మరిచిపోతే ఆ భాగం లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. ఇందాక సార్ చెప్పిన పాత ఫాంట్ ఫైలైతే సాఫ్ట్‌వేర్ ఆ తెలుగును చదవనే లేదు. అప్పుడు వచ్చే సున్నా శాతానికి అర్థమే లేదు.

వ్యాఖ్యాత: ఇప్పటికే మూడు అధ్యాయాలు రాసేసినవాళ్లు ఏం చేయాలి?

కాపీ ఎడిటర్: మొదట ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టాలి. మొదటి అధ్యాయం ప్రింటు తీసుకుని, రెండు రకాలుగా రాసిన ప్రతి మాటకూ గీత కొట్టి, ఆ జాబితా నుంచే నియమావళి తయారుచేయాలి. ముందు శీర్షికలన్నిటికీ హెడింగ్ స్టైళ్లు పెట్టాలి, విషయసూచికను వాటినుంచే రప్పించాలి. పట్టికల సంఖ్యలు, బొమ్మల సంఖ్యలు చేత్తో కొట్టకుండా వర్డ్‌లోని క్యాప్షన్ సదుపాయం ద్వారా పెట్టాలి. పట్టికకు శీర్షిక పైన, బొమ్మకు కింద. మాటల సవరణ చివరికి, అదీ ఒక్కో మాటకు మూడు అధ్యాయాలూ ఒకేసారి.

డీటీపీ నిపుణుడు: పీడీఎఫ్ చేశాక అందులోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగులాగే వస్తేనే సమర్పించండి.