గ్రబ్ కస్టమైజర్ రివ్యూ: డిస్ట్రోలోంచి తీసేస్తే ఏడవాల్సిన పనేం లేదు

హాయ్ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, టేబుల్ మీదున్న ఈ మినీ పీసీ ఒక కంపెనీ రివ్యూకి ఫ్రీగా పంపింది, ఏం మాట్లాడాలో మాత్రం వాళ్లు చెప్పలేదు. స్పెక్స్ మీరు ఈపాటికే చూసుంటారు. బాగుంది, చప్పుడు లేదు, అంతే. నాకు ఇది కావాల్సింది వేరే పనికి, ఎందుకంటే పాడైనా ఏడవక్కర్లేని మెషీన్ ఒకటి దొరికింది కదా! విండోస్ పక్కన ఉబుంటు అనే లైనక్స్ వేసి గ్రబ్ కస్టమైజర్ ఎక్కించాను. గ్రబ్ అంటే పీసీ ఆన్ చేయగానే ఏ ఓఎస్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్) వెళ్లాలో మెనూ చూపించే ప్రోగ్రాం, ఆ మెనూని మౌస్‌తో మార్చుకునే టూల్ ఈ కస్టమైజర్. దీన్ని డిస్ట్రోల్లోంచి, అంటే ఉబుంటు లాంటి లైనక్స్ రకాల్లోంచి, తీసేయాలా వద్దా అన్నదే ఇవాళ్టి గొడవ.

చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. బూట్ మెనూలో విండోస్‌ని పైకి లాగొచ్చు, పేర్లు మార్చొచ్చు, వెనక ఫొటో పెట్టొచ్చు. పాత గ్రబ్ రోజుల్లో స్టార్టప్ మేనేజర్ అని ఒకటుండేది, గ్రబ్ 2 వచ్చాక మూలపడింది, అది వాడినవాళ్లకి ఇది చూస్తే ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు నా గొడవ వినండి. గ్రబ్ మెనూ ఫైల్‌ని మనం చేత్తో రాయం, ఈటీసీ అనే సిస్టమ్ సెట్టింగుల ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్.డి ఫోల్డర్‌లోని స్క్రిప్టులు నడిచి దాన్ని తయారుచేస్తాయి. మెనూలో వరస మార్చి సేవ్ కొట్టగానే ఈ టూల్ ఏం చేస్తుందంటే, ఆ అసలు స్క్రిప్టుల్ని తీసుకెళ్లి ప్రాక్సిఫైడ్ స్క్రిప్ట్స్ అనే సొంత ఫోల్డర్‌లో పెట్టి, వాటి చోట తన ప్రాక్సీలు, అంటే బదులు స్క్రిప్టులు, కూర్చోబెడుతుంది. అద్దెకొచ్చినవాడు ఇంటి గోడలు జరిపినట్టు! రేపు గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ వస్తే దాని ఫైళ్లు దాని చోట ఉండవు. పైగా టూల్ అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ ప్రాక్సీలు అక్కడే ఉంటాయి, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఈ పీసీలో తీసేసి చూపించాను కదా, ఫోల్డర్ చూడండి, అన్నీ అలాగే ఉన్నాయి. అసలు స్క్రిప్టుల్ని వెనక్కి రప్పించాలంటే గ్రబ్ కామన్ ప్యాకేజీని, లేని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్లు మళ్లీ పెట్టమనే ఆప్షన్‌తో, రీఇన్‌స్టాల్ చేయాలి. కమాండ్ స్క్రీన్ మీద ఉంది, పాజ్ చేసి రాసుకోండి.

గ్రబ్ మామూలుగానే సున్నితం. 2022 ఆగస్టులో ఆర్చ్ అనే లైనక్స్‌లో గ్రబ్ అప్‌డేట్ వచ్చినప్పుడు, కొత్త కాన్ఫిగ్ తయారుచేసుకుని గ్రబ్‌ని మాత్రం మళ్లీ ఇన్‌స్టాల్ చేయని కొన్ని మెషీన్లు లైనక్స్‌లోకి వెళ్లకుండా ఫర్మ్‌వేర్ (బయోస్) సెట్టింగుల్లోకి పోయి కూర్చున్నాయి. ఏ టూలూ వేలు పెట్టకుండానే అంత టెన్షన్! అలాంటి గ్రబ్‌ని కెలికే టూల్‌ని కొత్తవాళ్ల మెనూలో ఐకాన్‌గా పెట్టి, క్లిక్ చేసుకో అనడం నాకు నచ్చదు. డిస్ట్రో తీసేస్తానంటే నా ఓటు తీసేయమనే.

గ్రాఫికల్ టూల్ అంటేనే పడదా అంటే, కాదు. ఓపెన్‌సూసే అనే డిస్ట్రోలో యాస్ట్ అనే సెట్టింగుల టూల్‌లో బూట్ లోడర్ పేజీ ఉండేది (2025లో వచ్చిన లీప్ 16లో యాస్ట్‌నే తీసేశారు), ఎంఎక్స్ లైనక్స్‌కి బూట్ ఆప్షన్స్ అనే టూల్ ఉంది, ఇలాంటివి డిస్ట్రోవాళ్లే చూసుకుంటారు కాబట్టి నాకు భయం లేదు.

చాలామందికి కావాల్సింది టైమౌట్ (మెనూ ఎన్ని సెకన్లు ఆగాలి), డిఫాల్ట్ ఓఎస్ (మనం ఏదీ ఎంచుకోకపోతే తెరుచుకునేది), రెండే. అవి ఈటీసీ డిఫాల్ట్‌లో గ్రబ్ అనే ఫైల్‌లో చెరో లైను, మార్చి అప్‌డేట్ గ్రబ్ అనే కమాండ్ కొట్టడమే. విండోస్ కనపడకపోతే అదే ఫైల్‌లో ఓఎస్ ప్రోబర్ డిజేబుల్ లైనుని ఫాల్స్ చేయండి, వేరే ఓఎస్‌లని వెతికే ఆ ఓఎస్ ప్రోబర్, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి మామూలుగా ఆఫ్‌లోనే ఉంటోంది.

రేటింగ్ అడుగుతారు కాబట్టి, 10కి 3, ఆ మూడూ బ్యాక్‌గ్రౌండ్ ఫొటోకి. మినీ పీసీ మాత్రం ఉంచుకుంటున్నా.